ఇంటర్ పరీక్షలు దగ్గరికొచ్చినయి, మా వాడు తిండి ముడుతలేడు. ఏం జేయాలె?

ఓరుగల్లు అమ్మ
మా పెద్దోడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. హన్మకొండలనే, డే స్కాలర్. ప్రాక్టికల్స్ అయిపోయినయి, ఇగ థియరీ. జనవరిల జేఈఈ మెయిన్ రాసిండు, అనుకున్నంత పర్సంటైల్ రాలే. అప్పటిసంది మనిషే మారిపోయిండు. పొద్దున కాలేజీకి పోయేముందు వాంతి చేసుకుంటుండు. అన్నం పెడితే కలిపి కలిపి అట్లనే ఇడిశిపెడ్తుండు. రాత్రి రెండు దాక పుస్తకం ముంగట కూసుంటడు గని పేజీ తిప్పుడు కనవడదు. మొన్న ప్రీఫైనల్‌ల మ్యాథ్స్ టూఏ రాసొచ్చి "అమ్మా, అన్నీ వచ్చినయేనే, పేపర్ చూడంగనే ఒక్కటి యాదికి రాలే" అన్నడు. ఏడ్వను గూడ ఏడ్వలే. ఉత్తగ గోడ దిక్కు చూసుకుంట చెప్పిండు. నాకు గదే భయమైతున్నది.

మా ఆయన సాయంత్రం రాంగనే చెప్పులు ఇడువకముందే "ఇయ్యాల ఎన్ని చాప్టర్లైనయ్‌రా" అంటడు. ఆయనది చెడ్డ మనసు కాదు. బండి సప్పుడు ఇనవడితే చాలు, పిల్లగాడు ఏదో ఒక పుస్తకం తెరిచి ముంగట పెట్టుకుంటడు. పరీక్షలైపోయేదాక ఇంట్ల ఎట్ల మసులుకోవాలె? వాంతులకు డాక్టర్‌కు సూపియ్యాల్నా, పరీక్షలైనంక అవే తగ్గుతయా? మీ ఇండ్లల్ల ఎట్ల చేసిండ్రో చెప్పుండ్రి.

బెజవాడ నాన్న
పరీక్షల ముందు ప్రతి పిల్లాడికీ ఇలాగే ఉంటుందండీ. కాస్త భయం ఉండాలి, లేకపోతే పుస్తకం పట్టరు. మా అబ్బాయి ఫోన్ ఫిబ్రవరి ఒకటిన తీసి బీరువాలో పెట్టాం. నాలుగు రోజులు గింజుకున్నాడు, తర్వాత దారిలో పడ్డాడు. మీవారు అడగడంలో తప్పేముంది? తండ్రి కాకపోతే ఎవరడుగుతారు?

గోదారి గట్టు
వాంతి చేసుకునే పిల్లాడికి ఫోన్ లాక్కోవడం మందా అండీ? ఆవిడ చెప్పింది చదవనివాడి సంగతి కాదు. చదివీ హాల్లో గుర్తుకురాని పిల్లాడి సంగతి. రెండూ వేరు.

బెజవాడ నాన్న
లాక్కోమని ఆవిడకి చెప్పలేదు, మా ఇంట్లో చేసింది చెప్పాను. అందరూ అయ్యో పాపం అంటే పిల్లలు ఇంకా డీలా పడతారని నా ఉద్దేశం.

నర్సమ్మ
ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పరీక్షల కాలం వస్తే మా ఓపీకి ఈ వయసు పిల్లలు కడుపునొప్పి, వాంతులు, తలనొప్పి అంటూ వస్తూనే ఉంటారు. "నాటకాలాడుతోంది మేడమ్" అని పిల్ల ఎదురుగానే చెప్పే తల్లిదండ్రులూ వస్తారు. అది నాటకం కాదు. భయమేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడ పెరుగుతుంది, అరుగుదల మందగిస్తుంది. అందుకే పొద్దున పెట్టిన టిఫిన్ లోపలికి పోదు, పోయినా నిలవదు.

అయితే అంతా భయమేనని మీకు మీరే తేల్చేయకండి. జనవరి నుంచీ ఉందంటున్నారు, అది తక్కువ కాలం కాదు. ఒకసారి ఫిజీషియన్‌కి చూపించండి. కళ్ళు పచ్చబడ్డాయా, కడుపులో మంట ఉందా, బట్టలు వదులయ్యేంతగా చిక్కాడా చూసుకోండి. ఇంకొకటి కూడా అడగండి. రాత్రి మెలకువ కోసం ఖాళీ కడుపున కాఫీలు, ఎనర్జీ డ్రింకులు తాగుతున్నాడా? వాటిలో ఉండే కెఫీన్‌తో దడ, వికారం రెండూ పెరుగుతాయి, నిద్రా పోతుంది. పిల్లలేమో ఆ దడ చూసి "నాకేదో అయిపోతోంది" అని ఇంకా భయపడతారు.

పొద్దున పొట్ట నిండా పెట్టాలని చూడకండి. రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో, అదీ దిగకపోతే అరటిపండు, మజ్జిగ. బయటికి వెళ్ళే గంట ముందే పెట్టేయండి, గేటు దగ్గర ముద్దలు కుక్కితే అక్కడే కక్కుతాడు.

మరీ ముఖ్యం నిద్ర. చదివింది మెదడులో నిలబడేది నిద్రలోనే. రెండింటిదాకా కూర్చుని ఆరింటికి లేచేవాడికి హాల్లో గుర్తుకు రాకపోవడం వింతేమీ కాదు. మందుల షాపులో అడిగి నిద్రమాత్ర మాత్రం ఇవ్వకండి. "ఒక్క రోజుకే కదా" అని ఇచ్చి మర్నాడు మత్తుగా తూలుతున్న పిల్లని పరీక్షకి పంపిన వాళ్ళని చూశాను.

తెనాలి అమ్మమ్మ
నర్సమ్మ తల్లీ, బాగా చెప్పావు. మా మనవడు పదో తరగతి. పరీక్షకి వెళ్ళేటప్పుడు శకునం బాగుండాలని నేను నీళ్ళ బిందెతో ఎదురు నిలబడతానంటే "అమ్మమ్మా, ముందు ఆ బిందెలో నీళ్ళు నాకు తాగడానికియ్యి" అన్నాడు. ఇచ్చాను. శకునం శకునమే, దాహం దాహమే!

సీమ పిల్ల
నేను సెకండియర్ బైపీసీ, అనంతపురం. ఇది మా అమ్మ అకౌంట్, అమ్మ అడిగితేనే రాస్తాండా.

ఆంటీ, గోడ పక్క చూస్తా చెప్పినాడు అన్నారు కదా, నాకు అర్థమయింది. ఏడ్చాలంటే కూడా ఓపిక ఉండల్ల. పేపరు చూసినప్పుడు ఏమవుతాదో చెప్తాను. మొదటి క్వశ్చన్ రాకపోతే రెండోది చదవబుద్ధి కాదు. చదివినా అక్షరాలు కనపడతాయి, అర్థం తలకెక్కదు. పక్కనోళ్ళ పెన్ను సౌండ్ మాత్రం బాగా వినపడతాది. వాళ్ళందరూ రాసేస్తాండారే అనిపిస్తాది.

ఇంట్లో ఒక్కటి చేయండి చాలు. పరీక్ష రాసొచ్చినాక క్వశ్చన్ పేపర్ చేతిలోంచి తీసుకుని "ఇది ఎట్ల రాసినావు, ఇదెందుకు వదిలేసినావు" అని అడగొద్దండి. అయిపోయిన పేపర్‌కి మనం ఏం చేయలేం. రాబోయే పేపర్‌కి చదవాల్సిన టైమంతా దాంట్లోనే పోతాది. మా ఇంట్లో మొన్న సంక్రాంతికే రూల్ పెట్టుకున్నాం, అన్ని పరీక్షలూ అయిపోయేదాకా పాత పేపర్ల మాట ఎత్తకూడదని. అవి బీరువా పైన అట్టపెట్టెలో వేస్తాం. మా నాయన గూడా ముట్టుకోడు.

గోదారి గట్టు
సీమ పిల్లా, బంగారు తల్లివి. బాగా రాయి.

లెక్కల సారు
ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. "అన్నీ వచ్చు, పేపర్ చూస్తే ఖాళీ" అనే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వీళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. చాలాసార్లు బాగా చదివేవాళ్ళే.

ఓరుగల్లు అమ్మ గారూ, మీ బాబుతో కూర్చుని టూఏ పేపర్ ఎట్లా ఉంటుందో ఒకసారి మాట్లాడండి. మీకు లెక్కలు రావాల్సిన పని లేదు. 75 మార్కులు. సెక్షన్ ఏలో పది చిన్న ప్రశ్నలు, ఒక్కోటి 2 మార్కులు, అన్నీ రాయాలి. సెక్షన్ బీలో ఏడిచ్చి ఐదు రాయమంటారు, ఒక్కోటి 4. సెక్షన్ సీలో ఏడిచ్చి ఐదు, ఒక్కోటి 7. పాస్ కావడానికి 26 చాలు. బైనామియల్ థీరం నుంచి రెండు పెద్ద ప్రశ్నలు, మెజర్స్ ఆఫ్ డిస్పర్షన్ నుంచి ఒకటి రావడం మామూలు. డిస్పర్షన్ అంటే మీన్ డీవియేషనో వేరియన్సో, పట్టిక గీసి కూడికలు, తీసివేతలు చేయడమే. దానికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు, చెయ్యి కదిలితే చాలు.

నేను ఖాళీ అయిపోయే పిల్లలకి ఆ పట్టిక ప్రశ్నతోనే పేపర్ మొదలుపెట్టమని చెబుతాను. స్కేలు పెట్టి నిలువు గీతలు గీస్తుంటే చేతి వణుకు తగ్గుతుంది. నాలుగు అడ్డవరసలు నింపేసరికి మిగతావి వాటంతటవే గుర్తుకొస్తాయి. ముందు సెక్షన్ ఏనే రాయాలని నియమమేమీ లేదు, ప్రశ్న నంబరు సరిగ్గా వేస్తే చాలు. ఇంటి దగ్గర ఒక్క పూట, పొద్దున 9 నుంచి 12 దాకా, పాత పేపర్ పెట్టి ఇట్లా రాయించండి. దిద్దొద్దు. మార్కులు వేయొద్దు. కూర్చోవడం అలవాటు కావడానికే అది.

బెజవాడ నాన్న
సారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. 26 చాలు అని చెబితే వాడు 26కే చదువుతాడు. పైగా మా ఏపీలో ఇంజనీరింగ్ సీట్లకి రాసే ఈఏపీసెట్ ర్యాంకుకి ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం ఉంది. మా పిల్లలకి ప్రతి మార్కూ ముఖ్యమే.

లెక్కల సారు
ఏపీలో ఉంది, నిజమే. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు, ఓరుగల్లు అమ్మ గారి బాబుకి ఆ లెక్క లేదు. ఎన్ఐటీ, ఐఐటీలకైతే జనరల్ వాళ్ళకి 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో ఉండాలి, ఆ మాట వేరు.

26 సంగతి ఆడుతూ పాడుతూ తిరిగేవాడికి నేను చెప్పను. 70 కోసం చదువుతూ వాంతులు చేసుకునేవాడికి చెబుతాను. బావిలో ఈత నేర్చుకునే పిల్లాడి నడుముకి సొరకాయబుర్ర కడతాం. మునగనని తెలిస్తేనే వాడు కాళ్ళూ చేతులూ ఆడిస్తాడు.

బెజవాడ నాన్న
మీరు చెప్పింది కొట్టిపారేయను. కానీ మా ఇంట్లో చెప్పను.

పాలమూరు తమ్ముడు
నేను సెకండియర్‌ల ఫిజిక్స్ పోయిన. రిజల్ట్ చూస్కున్నంక మా ఊరి చెర్వుకట్ట మీద పొద్దుమీకేదాక కూసున్న. ఇంటికి పోతే బాపు ఏమంటడో అని. ఆఖరికి బాపే ఎతుక్కుంట వచ్చిండు. "ఒక సబ్జెక్టే గదరా, మల్లా రాయొచ్చంట, సారును అడిగొచ్చిన" అన్నడు. గంతే. మే నెలల అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసిన, పాసైన, అదే ఏడు కౌన్సెలింగ్‌ల సీటొచ్చింది. ఇప్పుడు బీటెక్ థర్డియర్.

సప్లీ అనేది ఒకటుందని, అది రాస్తే సంవత్సరం పోదని నాకు అప్పటిదాక సరిగ తెల్వదు. కాలేజీల ఫెయిల్ అన్న మాట ఎత్తితేనే పాపం అన్నట్టు చూస్తుండె. బాపు చదువుకోలే, కానీ ముందే పోయి అడిగి తెలుసుకున్నడు. మీ ఆయనకు చెప్పుండ్రి అక్కా, ఎన్ని చాప్టర్లైనయ్ అని అడిగే బదులు గిదొక్కటి తెలుసుకొని పెట్టుకొమ్మని.

దుబాయ్ నాన్న
మాది జగిత్యాల దిక్కు. బిడ్డ ఫస్టియర్ సీఈసీ, నేను ఈడ కంపెనీల డ్రైవర్. తండ్రులు ఎందుకడుగుతరో నేను చెప్త. దగ్గర కూసుని చదివిపియ్యరాదు. ఎన్‌సీఈఆర్‌టీ ఏందో, ఈఏపీసెట్ ఏందో సమజ్ కాదు. పైసలు పంపుడు, అడుగుడు, మా చేతుల ఉన్నది ఈ రెండే. అడగకుంటే పట్టించుకోలేదనుకుంటదేమో అని నాకు బుగులు.

డ్యూటీ దిగి రూంకొచ్చినంక బోటిమ్ యాప్‌ల కాల్ చేస్త. అప్పటికి ఆడ రాత్రి పది దాటుతది. రోజూ "చదివినవా బిడ్డా" అనే అడిగేది. ఒకరోజు బిడ్డనే చెప్పింది, "డాడీ, చదువు సంగతి అమ్మ అడుగుతది, నువ్వు ఇయ్యాల ఏం వండుకున్నవో చెప్పు" అని. ఇప్పుడు అదే చెప్త. కూరల ఉప్పెక్కువైంది, బెంగాలాయన రొట్టె మాడ్చిండు, గివే ముచ్చట్లు. ఆమెనే ఆఖరుకు "రేపు ఎకనామిక్స్ డాడీ, ఒక లెసన్ సమజ్ అయితలేదు" అని చెప్తది. అడిగినప్పుడు ఎన్నడు గట్ల చెప్పలే.

ఓరుగల్లు అమ్మ
దుబాయ్ అన్నా, మీరు రాసింది మా ఆయనకు సదివి వినిపిచ్చిన. ఏం అనలే. కానీ ఇయ్యాల రాంగనే చాప్టర్ల ముచ్చట తియ్యలే, బజ్జీలు తెచ్చిండు. పిల్లగాడు రెండు తిన్నడు.

నర్సమ్మ గారు, మీరు చెప్పినంక బ్యాగు చూసిన. ఎనర్జీ డ్రింక్ డబ్బాలు అడుగున వరుసగ పెట్టి ఉన్నయి, పైన రికార్డు బుక్కులు. అడిగితే "నిద్ర ఆగుతలేదమ్మా" అన్నడు. కొట్లాడలే. రేపు డాక్టర్ దగ్గరికి తీస్కపోతున్న.

ఇంకో ముచ్చట ఇక్కడ రాయాల్నా వద్దా అనుకున్న. వారం కింద వాళ్ళ చెల్లెతోని "నేను లేకుంటే మీకు ఫీజులన్న మిగులుతయి" అన్నడంట. అది నవ్వులాటకు అన్నడు అనుకున్నది. నాకు నిన్న చెప్పింది.

నర్సమ్మ
మంచి పని చేశారు ఇక్కడ రాసి. ఆ మాట తేలిగ్గా తీసుకోకండి. భయపడి అరవనూ అరవకండి. ఈ రోజే, ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది ఆగిపోతారు. అలా పుట్టదు. అడిగినవాళ్ళ దగ్గర పిల్లలకి బరువు దిగుతుంది. ఏం చెప్పినా "ఛీ, అదేం మాట" అనకుండా పూర్తిగా వినండి. వాణ్ణి ఒంటరిగా ఉంచకండి, రాత్రి కూడా ఎవరో ఒకరు అదే గదిలో పడుకోండి. ఇంట్లో మాత్రలు, పురుగుమందుల్లాంటివి ఉంటే చేతికందకుండా తాళం వేయండి. అనిపిస్తోందని వాడు చెబితే తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్ళిపోండి. రేపటి డాక్టర్‌కి కూడా వాంతుల సంగతితో ఆపకుండా ఈ మాట చెప్పండి, సైకియాట్రిస్ట్‌కి రాయమనండి. వరంగల్‌లో ఎంజీఎం ఉంది కదా.

ఇప్పుడే మాట్లాడాలంటే 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లాడే చేయాలని లేదు, మీరు చేసి "మా అబ్బాయితో ఎలా మాట్లాడను" అని అడగొచ్చు.

అడ్మిన్
14416 ఈ చర్చ పైన పిన్ చేశాం. 18 ఏళ్ళలోపు పిల్లలకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. పిల్లాడి కాలేజీ పేరు, ఊరి వివరాలు ఎవరూ అడగొద్దు.

బెజవాడ నాన్న
అమ్మా, పొద్దున నేను రాసినప్పుడు ఈ సంగతి తెలియదు. ముందు పిల్లాణ్ణి చూసుకోండి. పరీక్షలు ఎక్కడికీ పోవు.

నల్లకోటు
2019 ఏప్రిల్ గుర్తున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పుల మీద తప్పులు. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్ళీ చూస్తే 99. ఆ కొన్ని రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ఫెయిలైన పిల్లలందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ పరిశీలించారు. మెమో మీద అంకె తప్పు కూడా కావచ్చని, దాన్ని అడిగి దిద్దించుకునే దారి ఉందని పిల్లలకి ఫలితాల కంటే ముందే తెలియాలి. ఆ ఏడు ఆ మాట వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు.

ఇంకొకటి, హాస్టళ్ళలో పిల్లలున్న తల్లిదండ్రులకి. 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద 15 మార్గదర్శకాలిచ్చింది. అది మన విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి చనిపోయిన కేసే, తండ్రి సుప్రీం దాకా వెళ్ళాడు. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, అందరిముందూ అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో కనపడేలా రాసిపెట్టాలి. ప్రభుత్వాలు చట్టం చేసేదాకా ఇవి వర్తిస్తాయి. మీ పిల్లల కాలేజీకి వెళ్ళినప్పుడు కౌన్సిలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు అని అడగండి. అడిగేవాళ్ళు ఉంటేనే పెడతారు.

గోదారి గట్టు
బ్యాచ్‌లు విడగొట్టకూడదా! మా అమ్మాయి ఉన్న రెసిడెన్షియల్లో వీకెండ్ టెస్ట్ మార్కులు సోమవారం పొద్దున మెస్ గోడకి అంటిస్తారు. ఇడ్లీల కోసం లైన్లో నిలబడి పేరు ఎక్కడుందో చూసుకోవాలి. పది పేర్లు కిందికి దిగితే సెక్షన్ మారుతుంది, సెక్షన్ మారితే రూమ్ మారుతుంది, పక్కమంచం స్నేహితురాలు పోతుంది. మా పిల్ల మార్కుల కోసం ఏడవదండీ, రూమ్ మారుతుందని ఏడుస్తుంది. ఆదివారం క్యారేజీ తీసుకెళితే గోంగూర పచ్చడి వేళ్ళతో నాకి నాకి తింటూ "అమ్మా, ఈ వారం మారలేదు" అంటుంది ముందుగా.

మొన్న వెళ్ళి ప్రిపరేషన్ రోజులకి ఇంటికి తీసుకెళతామని కాగితం రాసిచ్చాం. "ఇంటికెళితే డిస్టర్బ్ అవుతుంది మేడమ్, ర్యాంక్ పోతే మా బాధ్యత లేదు" అన్నారు. బాధ్యత మాదే అని సంతకం పెట్టి తెచ్చేసుకున్నాం. మొదటి రెండు రోజులు నిద్రే. లేపలేదు. మా అత్తగారు గదిలోకి ఎవర్నీ వెళ్ళనివ్వకుండా గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్నారు. ఇప్పుడు వాకిట్లో మామిడిచెట్టు కింద బోటనీ బొమ్మలు వేసుకుంటోంది.

కడప రెడ్డెమ్మ
అందరూ తెచ్చుకోలేరు అక్కా. మేం ఇద్దరమూ కూలికి పోతాం, ఇల్లు ఒకటే రూము, కరెంటు పోతే గాలి ఉండదు. మావోడు హాస్టల్లో ఉంటేనే చదువుతాడు. ఇంటికి తెస్తే మేలు అని అందరికీ చెప్పొద్దండి.

గోదారి గట్టు
నిజమే చెల్లీ, అది మా ఇంటికి కుదిరింది. మీరు ఫోన్ చేసినప్పుడు ఏం మాట్లాడతారు?

కడప రెడ్డెమ్మ
వార్డెన్ ఫోన్‌లో ఐదు నిముషాలు ఇస్తారు. ఎనక పిల్లోళ్ళు లైన్లో ఉంటారు. మా కుక్క ఈనింది, నాలుగు పిల్లలు, ఒగదానికి వీడి పేరే పెట్టినాం అని చెప్తే కిందామీదా పడి నవ్వినాడు. ఐదు నిముషాలూ దానికే అయిపోయినాయి.

సీమ పిల్ల
రెడ్డెమ్మత్తా, నాకు గూడా ఒక కుక్కపిల్ల!!

లెక్కల సారు
పరీక్ష రోజు సంగతి రెండు ముక్కలు. కేంద్రం ఎక్కడుందో ముందు రోజే పిల్లాడితో కలిసి వెళ్ళి చూసి రండి. ఇదివరకు తెలంగాణలో నిమిషం ఆలస్యమైనా గేటు మూసేవారు, ఆ నిబంధన భయానికే పిల్లలు రాత్రంతా మేలుకునేవారు. 2024లో 5 నిమిషాల సడలింపు ఇచ్చారు. అయినా 8.30కల్లా అక్కడుండేలా బయల్దేరండి. గేటు బయట గుంపుగా నిలబడి "ఈ ప్రశ్న వస్తుందంట" అనుకునే చోట మాత్రం నిలబెట్టకండి. కాస్త దూరంగా బండి ఆపి, టైమైనప్పుడు పంపండి.

నర్సమ్మ గారూ, హాల్లో ఊపిరి సంగతి కూడా చెప్పండి. నాకు అంత బాగా చెప్పడం రాదు.

నర్సమ్మ
కంగారులో గబగబా ఊపిరి తీస్తే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. బయటికి వదిలేదే నెమ్మదిగా ఉండాలి. ఐదారుసార్లు చాలు. పరీక్షరోజే మొదటిసారి చేస్తే పనిచేయదు, ఇవాళ్టి నుంచే పడుకునేముందు చేయించండి. మీరూ పక్కన చేయండి, మీకూ అవసరమే.

తెనాలి అమ్మమ్మ
చుట్టాల ఫోన్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా కోడలు నాకు పని అప్పజెప్పింది. "ఎలా రాస్తున్నాడు" అని ఎవరు ఫోన్ చేసినా నేనే ఎత్తుతాను. "వాడు బాగానే ఉన్నాడు, నీ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి" అంటాను. అరగంట వాళ్ళ మోకాళ్ళ మీదే గడిచిపోతుంది.

ఓరుగల్లు అమ్మ
నిన్న రాత్రి అడిగిన, నర్సమ్మ గారు చెప్పినట్టే. చాలాసేపు మాట్లాడలే. తర్వాత ఏడ్చిండు, శానా ఏడ్చిండు. "చావాలని లేదమ్మా, కానీ రోజూ పొద్దున లేవాలంటే భయమైతుంది" అన్నడు. ఫీజు సంగతి, జేఈఈ సంగతి, వాళ్ళ నాయన దోస్తు కొడుక్కు వచ్చిన పర్సంటైల్ సంగతి, అన్ని చెప్పిండు. మా ఆయన దర్వాజ కాడ నిలవడి విన్నడు. లోపలికొచ్చి ఆని పక్కన పండుకున్నడు.

ఇయ్యాల డాక్టర్ చూసిండు. కడుపుకు మందులిచ్చిండు, డబ్బాలు బంద్ అన్నడు, సైకియాట్రీకి రాసిండు. రేపు పోతున్నం. వాడే అడిగిండు, "మందులేసుకుంటే పరీక్షలల్ల నిద్రొస్తదా" అని.

నర్సమ్మ
ఆ ప్రశ్న డాక్టర్‌నే అడగమనండి, వాడి నోటితో. పరీక్షల తేదీలు కూడా చెప్పండి, దాన్ని బట్టే రాస్తారు. మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు.

పాలమూరు తమ్ముడు
అక్కా, మీ వానికి చెప్పుండ్రి, జేఈఈ రెండో సెషన్ ఏప్రిల్‌ల ఉన్నది. రెండిట్ల ఏది ఎక్కువొస్తే అదే ర్యాంక్‌కు తీస్కుంటరు. జనవరిది తక్కువొచ్చిందని ఏం కొట్టుకపోలే. రాయబుద్ధి కాకుంటే ఇడిశిపెట్టినా ఈఏపీసెట్ ఉంది.

బెజవాడ నాన్న
మా అబ్బాయి ఫోన్ బీరువాలోంచి తీసిచ్చాను. రోజూ సాయంత్రం స్నేహితుడితో మాట్లాడుకోమని. 26 మార్కుల సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు, సారూ.

నాదొక సందేహం. తెలంగాణలో మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఫలితాల తర్వాత అనుమానం ఉంటే ఏం చేయాలి? 2019 సంగతి చదివాక అడుగుతున్నా.

లెక్కల సారు
రెండు రకాలు. రీకౌంటింగ్ అంటే మార్కుల కూడిక మాత్రమే మళ్ళీ చూస్తారు, తెలంగాణలో పేపరుకి 100 రూపాయలు. రీవెరిఫికేషన్ అంటే జవాబుపత్రం మళ్ళీ పరిశీలించి స్కాన్ కాపీ కూడా ఇస్తారు, పేపరుకి 600. ఏపీలో ఇవే 260, 1300. కట్టేముందు ఆ ఏటి నోటిఫికేషన్ ఒకసారి చూసుకోండి. అనుమానం ఉంటే రీవెరిఫికేషనే పెట్టించండి, కాపీ చేతిలో ఉంటే లెక్చరర్‌కి చూపించుకోవచ్చు. ఫలితాలొచ్చాక గడువు దాదాపు వారం రోజులే ఉంటుంది, సప్లిమెంటరీ ఫీజు గడువూ దాదాపు అప్పుడే ముగుస్తుంది. రీవెరిఫికేషన్ ఫలితం వచ్చేదాకా ఆగుదామని సప్లిమెంటరీ ఫీజు కట్టకుండా ఉండొద్దు, రెండూ ఒకేసారి కట్టేయమనండి.